పాత పెంకుటింటి చూరుకు కొత్త గట్టర్లు వేసుకోవడం ఎలా

ఒడిశాలోని పర్లాకిమిడిలో మా ఇల్లు తాతగారి నాటి బంగాళా పెంకుల ఇల్లు. వీధి వైపు చూరు పొడవు 24 అడుగులు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటి మా గజపతి జిల్లా మీదుగా పోయినప్పుడు పెంకులతో పాటు పాత గట్టరు, అంటే చూరు నీళ్లు పట్టే రేకు కాలవ కూడా ఊడి వీధిలో పడింది. ఊరంతా కప్పులు బాగుచేయించుకునే హడావిడిలో ఉంది. మేమూ తొందరపడి, దొరికిన రేకుతో, కంటి అంచనాతో కొత్త గట్టరు బిగించేశాం. మరుసటి వానాకాలానికే తెలిసింది, దాని వాలు తిరగబడిందని. నీళ్లు కిందికి దిగే గొట్టం వైపు కాకుండా అవతలి మూలకు పోయి నిలబడేవి. అక్కడి నుంచి గోడ మీదకు జారి, మూడేళ్లలో చెమ్మ కిటికీ దాకా ఎక్కింది. సున్నం పొక్కులు పొక్కులుగా రాలింది. పని చేసినాయన మంచి పనివాడే. తొందరపెట్టింది మేమే.

రెండోసారి మాత్రం కూర్చుని లెక్క వేసుకుని చేశాం. ఆ పద్ధతే మీకు రాస్తున్నాను. బరంపురం, గుణుపురం, రాయగడ వైపు పాత ఇళ్లు దాదాపు ఇలాంటివే కాబట్టి మీకూ పనికొస్తుంది. ముందుగా ఒక్క మాట గట్టిగా చెప్తాను. నీళ్లు చివరికి ఎక్కడికి పోవాలో తేల్చుకున్నాకే రేకు కొనండి. మేం మొదటిసారి ముందు రేకు కొన్నాం, అన్ని తిప్పలూ అక్కడే మొదలయ్యాయి.

మార్చాలా, బాగుచేస్తే చాలా?

ఇది ఎండలో తేలే విషయం కాదు. గట్టి వాన పడుతున్నప్పుడు గొడుగు వేసుకుని వీధిలో నిలబడి చూరు మొత్తం చూడండి. నీళ్లు ముందు అంచు దాటి ఒకే చోట పొర్లుతుంటే అక్కడ ఆకులు అడ్డుపడి ఉంటాయి, లేదా క్లాంపు వదులై గట్టరు కుంగి ఉంటుంది. అతుకు దగ్గర మాత్రమే కారుతుంటే సీలెంటు పోయినట్టు. ఈ రెండూ మరమ్మతుతో తీరిపోతాయి. గట్టరుకీ గోడకీ మధ్య నుంచి దిగుతుంటే పెంకు కొస గట్టరులోకి అందడం లేదని అర్థం. అప్పుడు గట్టరు మార్చినా లాభం లేదు, ముందు పెంకు వరస సరిచేయాలి.

వాన వెలిశాక నిచ్చెన వేసి గట్టరు అడుగున బొటనవేలితో నొక్కండి. తుప్పు పెళ్లలు ఊడి చేతికొస్తే, స్క్రూడ్రైవర్ పిడితో తడితే ఖణేల్‌మనకుండా మొద్దుగా మోగితే, ఆకాశం వైపు చూసినప్పుడు జల్లెడలా వెలుతురు చుక్కలు కనిపిస్తే, ఇక అతుకులు వేయకండి. పలచబడ్డ రేకుకు ఒక చోట మాటు పెడితే ఆ వేడికి పక్కన ఇంకో చోట చిల్లు పడుతుంది.

ఎప్పుడు మొదలుపెట్టాలి?

మే రెండో వారం మంచి సమయం. రోహిణి కార్తె ఎండలకు రోళ్లు పగులుతాయంటారు, రేకు మీద చెయ్యి కూడా పెట్టలేం. అందుకే రోహిణి రాకముందే పై పని కానిచ్చేసి, మృగశిర నాటికి అంతా సిద్ధంగా ఉంచుకోవాలి. మా వైపు ఇంకో చిక్కు ఉంది. జూన్ నడిమికి రజో పండగ వస్తుంది. ఆ మూడు రోజులూ ఒడియా వాళ్లు నేల తవ్వరు, దున్నరు. మీ నీళ్ల గొట్టానికి కింద కాలవ తీయాలంటే ఆ రోజుల్లో కూలి మనిషి దొరకడు, అడగడం కూడా మర్యాద కాదు. నైరుతి వానలు కూడా సరిగ్గా ఆ రోజుల్లోనే దిగుతాయి.

పక్కింటివాళ్లతో మాట్లాడటం కూడా ఈ దశలోనే. మన వీధుల్లో ఇళ్లు గోడకు గోడ ఆనుకుని ఉంటాయి. మా గట్టరు కొస పక్కింటి ఒడియా పెద్దాయన గోడకు జానెడు దూరంలో ఆగుతుంది. మా బాబాయి, నేను వెళ్లి గీత గీసి చూపించాం. ఆయన తెలుగులోనే అన్నాడు, "నీళ్లు మా అరుగు మీద పడకపోతే చాలు బాబూ, పని చేసుకోండి, నిచ్చెన కావాలంటే మాదీ తీసుకోండి." అదే చెప్పకుండా చేసి ఉంటే మొదటి వానకే గొడవయ్యేది.

నీళ్ల లెక్క

ఇది కష్టమైన లెక్కేమీ కాదు. ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు నీళ్లు. మా వీధి వైపు కప్పు పొడవు 24 అడుగులు, నేల మీద కొలిస్తే లోతు 12 అడుగులు. అంటే 288 చదరపు అడుగులు, దాదాపు 27 చదరపు మీటర్లు. పెంకు వాలు వెంట కొలవకండి, కింద నేల మీద పడే నీడ కొలతే తీసుకోండి. గంటకు 100 మిల్లీమీటర్ల జోరుతో వాన పడుతోందనుకుంటే గంటకు 2,700 లీటర్లు, అంటే నిమిషానికి 45 లీటర్లు. పదిహేను లీటర్ల బకెట్లు మూడు, ప్రతి నిమిషానికీ ఆ ఒక్క గొట్టంలోంచి దిగాలి. ఇలా బకెట్లలో చెప్పాకే మా అమ్మ పాత సన్న గొట్టాన్నే మళ్లీ పెట్టేద్దామన్న మాట మానేసింది.

గొట్టం ఎంత లావు ఉండాలో భారత ప్రమాణాల పట్టికలో ఉంది. గంటకు 100 మిల్లీమీటర్ల వానకు 75 మిల్లీమీటర్ల గొట్టం దాదాపు 20 చదరపు మీటర్ల కప్పుకు సరిపోతుంది. 100 మిల్లీమీటర్లది దాదాపు 42 చదరపు మీటర్లకు. మా 27కి సన్నది చాలదు, కాబట్టి బయటి కొలతతో 110 అని అమ్మే పైపు తీసుకున్నాం. మీ కప్పు పెద్దదైతే రెండు కొసలా రెండు గొట్టాలు పెట్టి, గట్టరు నడిమి నుంచి రెండు వైపులా వాలు ఇవ్వండి.

తుపాను రోజున ఈ జోరు కూడా దాటుతుంది. ఆ రోజు ఏ గట్టరైనా పొర్లుతుంది. పొర్లే నీళ్లు వీధి వైపు పడాలి, గోడ వైపు రాకూడదు. దీనికి గట్టరు ముందు అంచు వెనక అంచు కంటే కిందికి ఉండాలి. రేకు మడిచేటప్పుడే ఈ తేడా పెట్టించాలి, తర్వాత కుదరదు.

ఏ రకం తీసుకోవాలి?

గోపాలపూర్ వైపు, బరంపురంలో సముద్రపు గాలి తగిలే చోట ఇనుప రేకు మీది జింకు పూతను ఆ గాలి త్వరగా తినేస్తుంది. అక్కడ పీవీసీ గానీ అల్యూమినియం గానీ నయం. పీవీసీకి తుప్పు లేదు, బరువు లేదు, మనమే బిగించుకోవచ్చు. కానీ ఎండకు సాగుతుంది. మూడు మీటర్ల ముక్క తెల్లవారుజాము చలికీ మిట్టమధ్యాహ్నం ఎండకీ మధ్య ఐదారు మిల్లీమీటర్లు పెరుగుతుంది. అందుకే రబ్బరు సీలు ఉన్న జాయింట్లు వాడి, వాటి మీద గుర్తు ఉన్నంత ఖాళీ వదలాలి. గమ్ము పెట్టి బిగించేస్తే మొదటి వేసవికే ఎక్కడో ఒక చోట విరుస్తుంది.

మేం జింకు రేకే తీసుకున్నాం. కారణం కోతులు. మహేంద్రగిరి కొండల వైపు నుంచి వచ్చే గుంపులు చూరు అంచు పట్టుకుని ఊగుతాయి, వాటికి పీవీసీ ఆగదు.

రేకు కొనేటప్పుడు గేజి అడిగితే దుకాణంలో ఏదో ఒక నంబరు చెప్తారు. దానికంటే మిల్లీమీటర్లలో అడగండి, తూకం వేయించండి. 0.63 మిల్లీమీటర్ల మందం ఉన్న 8 అడుగులు 4 అడుగుల షీటు 14, 15 కిలోల మధ్య తూగాలి. 11, 12 కిలోలే ఉంటే అది 0.5 రేకు. జింకు పూత చదరపు మీటరుకు 275 గ్రాములది దొరికితే అదే తీసుకోండి, 120 గ్రాములది చవక గానీ మన వానలకు నిలవదు.

నాలుగడుగుల వెడల్పు షీటును నిలువుగా మూడు భాగాలు కోస్తే 16 అంగుళాల పట్టీలు మూడు వస్తాయి. ఒక్కో పట్టీని ఇలా మడిపించాం: అడుగు 5 అంగుళాలు, వెనక గోడ 6, ముందు గోడ నాలుగున్నర, మిగిలిన అర అంగుళం ముందు అంచుకు మడత. ఆ మడత వల్ల రేకు వంగకుండా గట్టిగా నిలబడుతుంది, చేతులూ తెగవు. మూడు ఎనిమిదులు ఇరవై నాలుగు కదా, ఒక్క షీటు చాలు అనుకోకండి. అతుకు దగ్గర ఒకదాని మీద ఒకటి నాలుగంగుళాలు ఎక్కాలి కాబట్టి తక్కువ పడుతుంది. నాలుగో ముక్క కావాలి, అందుకు రెండో షీటు కొనాల్సిందే. మిగిలిన రేకు కొసల మూతలకూ, గొట్టం మెడకూ పనికొస్తుంది.

కోయడానికి రేకు కత్తెరే వాడమనండి. గ్రైండరు పెడితే నిప్పురవ్వలతో జింకు కాలిపోయి, కోసిన అంచు నుంచే తుప్పు మొదలవుతుంది. కోసిన ప్రతి అంచుకూ జింకు పెయింటు ఒక పూత వేయించండి.

పాతది దించడం

నిచ్చెనను గట్టరుకు ఆనించవద్దు. గోడకు గానీ గట్టి వాసానికి గానీ ఆనించండి. పన్నెండు అడుగుల ఎత్తుకు నిచ్చెన కాళ్లు గోడకు మూడడుగుల దూరంలో ఉండాలి. కింద ఒక మనిషి పట్టుకుని ఉండకపోతే ఎక్కవద్దు. చేతికి మందం గ్లౌజులు తప్పనిసరి, తుప్పు పట్టిన రేకు అంచు కత్తిలా కోస్తుంది.

చూరు దగ్గర నుంచే కరెంటు సర్వీసు వైరు ఇంట్లోకి వస్తుంది. లోపల మెయిన్ ఆపేశాం కదా అని ధైర్యం చేయవద్దు. స్తంభం నుంచి మీ మీటరు దాకా ఉన్న వైరులో కరెంటు అలాగే ఉంటుంది. పొడవాటి రేకు ముక్క తిప్పుతుంటే అది తగలడానికి క్షణం చాలు. కరెంటు ఆఫీసుకు చెప్పి ఆ పూట లైను తీయించుకునే పని మొదలుపెట్టండి.

మీ వెనక వరండాకు సిమెంటు రేకులు ఉంటే వాటి మీద అడుగు పెట్టవద్దు, పాతబడితే అప్పడాల్లా విరుగుతాయి. వాటిని కోయడం, తొలచడం కూడా వద్దు. ఆ పొడి ఊపిరితిత్తులకు చేటు. అక్కడ క్లాంపును రేకుకు కాకుండా కింద ఉన్న ఇనుప కమ్మీకో దూలానికో పట్టించాలి.

గట్టరు మొత్తం ఒక్కసారే లాగకండి. అతుకుల దగ్గర విడదీసి ముక్క ముక్కగా దించండి. లోపల తడి మట్టి, ఆకులు నిండి ఉంటే అనుకున్నదానికి మూడింతలు బరువు ఉంటుంది. ముందు ఖాళీ చేసి దించాలి.

ఇప్పుడు అసలు చూడాల్సింది బయటపడుతుంది. గట్టరు వెనక దాగిన చూరు పలక. మాది పైకి రంగుతో నున్నగానే ఉంది. నీళ్లు నిలిచిన మూల దగ్గర స్క్రూడ్రైవర్ మొన ఆనించాను. నొక్కలేదు కూడా, నానిన అటుకుల్లోకి దిగినట్టు రెండంగుళాలు దిగిపోయింది. బయటికి తీస్తే మొనకు గోధుమరంగు ముద్ద, పాత బావి వాసన. పక్కన రెండు వాసాల కొసలు కూడా మెత్తబడ్డాయి. ఆ మూల నుంచి చెదలు గీత ఒకటి పైకి పోతోంది. మొదటిసారి ఈ పలకకే మేం కొత్త స్క్రూలు బిగించాం. అది అన్నాళ్లు ఆగడమే గొప్ప.

అందుకే పలక పొడవునా, ప్రతి వాసం కొసనా అడుగుకు ఒక చోట గుచ్చి చూడండి. మెత్తబడినంత మేర కోసేసి సాల్ చెక్క వేయించండి, మన ఒడిశా డిపోల్లో దొరుకుతుంది. బిగించే ముందే ప్రైమరు, ఆపైన ఎనామిల్ రెండు పూతలు వేయాలి. గోడ వైపు ఉండే వెనక ముఖానికీ, కోసిన కొసలకూ మరీ ముఖ్యంగా వేయాలి. తడి పీల్చేది అక్కడి నుంచే. చెదలు కనిపిస్తే మందు కొట్టించాకే పలక మూయండి. ఈ పనికి రెండు రోజులు ఎక్కువ పట్టినా పట్టనివ్వండి.

వాలు

పదడుగులకు అర అంగుళం వాలు చాలు. మా 24 అడుగులకు మొత్తం తేడా దాదాపు అంగుళంపావు. ఇంతకంటే ఎక్కువ ఇస్తే కింది కొసన పెంకుకీ గట్టరుకీ మధ్య ఎడం పెరిగి నీళ్లు గాలికి బయటికి ఎగురుతాయి. ఇల్లు చూడటానికీ వంకరగా కనిపిస్తుంది.

చూరును చూసి వాలు కట్టకండి. పాత ఇళ్ల చూరు ఎప్పుడో ఒక పక్కకు కుంగి ఉంటుంది, మన కన్ను ఆ చూరునే సమమని నమ్ముతుంది. మాకు జరిగింది అదే. మేస్త్రీలు వాడే నీళ్ల లెవెల్ గొట్టం తెప్పించండి. పారదర్శకమైన సన్న గొట్టంలో బుడగ లేకుండా నీళ్లు నింపి, ఒక కొస పలక ఎడమ చివర, రెండో కొస కుడి చివర పట్టుకుంటే నీటి మట్టాలు రెండూ ఒకే ఎత్తులో నిలబడతాయి. అక్కడ పెన్సిలు గీతలు పెట్టండి. గొట్టం దిగే వైపు గీతకు అంగుళంపావు కింద ఇంకో గీత. ఎగువ గీత నుంచి ఈ కింది గీతకు దారం లాగి కట్టండి. ఇంత పొడవుకు దారం నడిమిన కాస్త జారుతుంది కాబట్టి మధ్యలో ఒక మేకు కొట్టి ఆనించుకోవాలి. ఆ దారమే మీ గట్టరు అడుగు.

దారం కట్టాక పెంకుల వంక ఒకసారి చూడండి. పెంకు కొస గట్టరులోకి రెండంగుళాలు రావాలి. తక్కువైతే నీళ్లు పెంకు అడుగుకు అంటుకుని వెనక్కి పలక మీదకు జారతాయి. మరీ నడిమి దాటి వస్తే జోరు వానకు గట్టరు దాటి దూకేస్తాయి.

క్లాంపులు

అంగుళం వెడల్పు, మూడు మిల్లీమీటర్ల మందం ఇనుప పట్టీని గట్టరు ఆకారానికి వెల్డింగు షాపులో వంపించుకోండి. రెడ్ ఆక్సైడు, దాని మీద ఎనామిల్ వేసి ఆరనివ్వండి. రెండడుగులకు ఒకటి చొప్పున మాకు పదమూడు పట్టాయి. మూడడుగుల దూరం పెట్టినా నిలబడుతుందని కొందరంటారు, మామూలు ఊళ్లలో నిలబడొచ్చు. తుపాను గాలి కింది నుంచి పైకి లేపుతుంది. గట్టరు క్లాంపులో ఊరికే కూర్చుని ఉంటే ఎత్తి పారేస్తుంది. అందుకని ప్రతి క్లాంపు దగ్గరా ముందు అంచు నుంచి వెనక అంచుకు పైన ఒక అడ్డ పట్టీ వేసి బోల్టు బిగించాలి. 2018లో ఊడిపోయిన మా పాత గట్టరుకు ఈ అడ్డ పట్టీలు లేవు.

వీలైనంత వరకు క్లాంపును ఒట్టి పలకకు కాకుండా దాని వెనక వాసం కొసకు దిగేలా రెండంగుళాల జింకు పూత స్క్రూలతో బిగించండి. మొదట ఎగువ చివరిది, తర్వాత దిగువ చివరిది, ఆ రెండింటి మధ్య దారానికి ఆనిస్తూ మిగతావి.

అతుకులు

ఒక్క సూత్రం గుర్తుంచుకుంటే చాలు. నీళ్లు ఎటు నుంచి వస్తాయో ఆ ముక్క పైన, ఎటు పోతాయో ఆ ముక్క కింద. ఎగువ ముక్క కొస దిగువ ముక్క లోపలికి నాలుగంగుళాలు కూర్చోవాలి. తిరగేస్తే ప్రతి చుక్కా అతుకు సందులోకే దూరుతుంది. పని దిగువ కొస నుంచి మొదలుపెడితే ఇది దానంతట అదే సరిగ్గా వస్తుంది.

రెండు ముక్కల మధ్య సీలెంటు రెండు వరసలు పెట్టి, అంగుళంన్నరకు ఒక రివెట్టు కొట్టి, రివెట్ల తలల మీద కూడా సీలెంటు పూయండి. ఇక్కడ చాలామంది పొరపాటు పడతారు. దుకాణంలో చవగ్గా దొరికే సిలికాన్ చాలావరకు వెనిగరులా పుల్లటి వాసన వేస్తుంది. ఆ ఆమ్లం జింకును తినేస్తుంది. ట్యూబు మీద న్యూట్రల్ అని రాసి ఉన్నదే అడిగి తీసుకోండి. పాతకాలం మేస్త్రీ దొరికి మాటు పెడతానంటే అది అన్నిటికంటే మేలు. ఆయన ముందుగా రేకును శుభ్రంగా గీకుతున్నాడా లేదా అన్నది మాత్రం చూడండి, మురికి మీద మాటు నిలవదు.

రాగి తీగతో ఏదీ కట్టకండి. రాగి మీద నుంచి జారిన నీళ్లు జింకును తొందరగా కొరుకుతాయి.

గొట్టం, కింద నేల

దిగువ కొస దగ్గర గట్టరు అడుగున చిల్లు చేసి, రేకుతో మెడ చుట్టి మాటు పెట్టించండి. ఆ మెడ పైపు లోపలికి దిగాలి. ఇక్కడా పై సూత్రమే. పైపును గోడకు రెండు చోట్ల కాకుండా ఐదడుగులకు ఒక క్లిప్పు చొప్పున పట్టించండి. గోడకీ పైపుకీ మధ్య అంగుళం ఎడం ఉంటే గోడ ఆరుతుంది.

అడుగున వంపు పెట్టి నీళ్లను పునాదికి కనీసం మూడడుగుల అవతల వదలండి. పడే చోట ఒక బండ పరవండి, లేకపోతే రెండు వానలకే గుంత పడి పునాది మట్టి కదులుతుంది. మట్టి అడుసుతో కట్టిన పాత గోడలకు ఇది ప్రాణం మీదకు తెచ్చే విషయం. వీధి కాలవ మీ గుమ్మం కంటే ఎత్తులో ఉంటే నీళ్లు అటు పోవు, ముందే చూసుకోండి.

పెరట్లో బావి ఉంటే నీళ్లు దాని వైపు మళ్లించవచ్చు. ఒడిశాలో ఏడాదికి సగటున 1,450 మిల్లీమీటర్ల దాకా వాన పడుతుంది. మా 27 చదరపు మీటర్ల కప్పు మీద పడే దానిలో ఐదో వంతు పోయిందనుకున్నా 30,000 లీటర్లు. బావిలోకి నేరుగా వదలకండి. పక్కన గులకరాళ్లు, ఇసుక నింపిన గుంటలోకి వదిలితే వడకట్టి దిగుతుంది. మొదటి ఒకటి రెండు వానల నీళ్లు మాత్రం కాలవలోకే పోనివ్వండి, ఎండాకాలమంతా కప్పు మీద చేరిన దుమ్మూ పక్షి రెట్టా వాటితో పోతాయి.

వేపాకు పరీక్ష

సీలెంటు ఒక రోజంతా ఆరాక, మేస్త్రీ డబ్బులు తీసుకుని వెళ్లక ముందే ఈ పరీక్ష చేయండి. ఎగువ కొసన ఒక బకెట్ నీళ్లు మెల్లగా పోసి ఒక వేపాకు వదిలాను. మొదటి ఎనిమిదడుగులూ చకచకా పోయింది. మొదటి అతుకు దాటాక నెమ్మదించింది. తొమ్మిదో క్లాంపు దగ్గర ఆగి గుండ్రంగా తిరగడం మొదలుపెట్టింది. అక్కడ క్లాంపు ఒక నూలు, అంటే అంగుళంలో ఎనిమిదో వంతు మేర కిందికి ఉంది. విప్పి పైకెత్తి బిగించి మళ్లీ నీళ్లు పోశాం. ఈసారి ఆకు ఎక్కడా నిలవకుండా గొట్టంలోకి దిగింది. కింద నిలబడ్డ మా అమ్మ బండ మీదకు ఆకు వచ్చి పడగానే చెయ్యి పైకెత్తింది. నీళ్లు పోస్తున్నప్పుడు కింద ఒకరు నిలబడి ప్రతి అతుకు అడుగునా పొడి బట్టతో తుడిచి చూడాలి. కంటికి కనిపించని చెమ్మ బట్టకు తెలుస్తుంది.

నీళ్లు పల్చగా తడిలా మిగిలితే పర్వాలేదు, ఎండకు ఆరిపోతుంది. వేలి గోరు మునిగేంత నిలిస్తే సరిచేయించండి. డెంగీ దోమ గుడ్డు నుంచి రెక్కల దోమ కావడానికి వారం పది రోజులు చాలు, దానికి ఆ కాస్త నీళ్లే సరిపోతాయి.

తర్వాత

గొట్టం మూతి మీద తీగ జల్లెడను గుమ్మటంలా వంచి పెట్టండి. బల్లపరుపుగా పరిస్తే ఒక్క బాదం ఆకు పడినా మూసేస్తుంది. గట్టరు పొడవునా జల్లెడ వేయడం నాకు నచ్చదు. మన వేప పూత, సన్న ఈనెలు దాంట్లో ఇరుక్కుని తీయడం రెండు పనులవుతుంది.

ఏడాదికి రెండుసార్లు శుభ్రం చేస్తాం. మొదటిది మే ఆఖరున. రెండోదానికి చాలామంది దీపావళి దాకా ఆగుతారు, అది ఆలస్యం. ఫైలిన్ గోపాలపూర్ దగ్గర తీరం దాటింది 2013 అక్టోబరు 12న, హుద్‌హుద్ విశాఖ మీద పడింది 2014 అక్టోబరు 12న, తిత్లీ వచ్చింది 2018 అక్టోబరు 11న. అందుకే మా ఇంట్లో క్యాలెండరు మీద సెప్టెంబరు ఆఖరి ఆదివారానికి ఎర్ర పెన్నుతో గీత ఉంటుంది. ఆ రోజు ఆకులు తీసేసి, అడ్డ పట్టీల బోల్టులు ఒక్కొక్కటీ బిగించి చూసి, ఎగువ కొసన మళ్లీ ఒక బకెట్ నీళ్లు పోస్తాం.